ఎవరూ విత్తని కూర

పిల్లలూ, దగ్గరికి జరగండి. మీ తాతకు తాత, ఆయనకు కూడా తాత పుట్టకముందు మేలిపురం అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నానికి ఒక రాజు ఉండేవాడు. పేరు వీరకంఠుడు. ఆయనకు ముగ్గురు రాణులు, ముగ్గురు కొడుకులు. పెద్దరాణి కొడుకు జయధీరుడు. నడిమిరాణి కొడుకు రణధీరుడు. చిన్నరాణి మరువమ్మ తోటమాలి కూతురు. రాజు ఒకనాడు తోటలో ఆమెను చూసి ముచ్చటపడి పెళ్ళి చేసుకున్నాడు. ముచ్చట తీరాక మరిచిపోయాడు. పెద్దరాణులిద్దరూ మేడల్లో ఉంటే, మరువమ్మ కోట వెనక పెరట్లో రెండు గదుల పెంకుటింట్లో ఉండేది. కొడుక్కి పేరు కూడా ఆమే పెట్టుకుంది, దవనుడు అని. మరువం పక్కన దవనం ఉండాలి కదా మరి.

దవనుడికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లవారగానే ఒకటే పని. బుట్ట పట్టుకుని అమ్మ వెనక పెరడంతా తిరగడం. గోడ వారన పొన్నగంటి ఉండేది. బావి గట్టు దగ్గర పాయలకూర పాకేది. పశువుల దొడ్డి పక్కన గలిజేరు, కంచె మీద నల్లేరు, వాన చినుకు పడితే చాలు తుమ్మి, చెంచలి. 

"అమ్మా, వీటినెవరు నాటారు?" అని అడిగేవాడు దవనుడు.

"ఎవరూ నాటలేదు నాయనా. వాటంతట అవే వచ్చాయి. ఇదిగో, చిగురు వరకే గిల్లు. వేరు కదిలించకు. రేపు మళ్ళీ మనమే రావాలి" అనేది మరువమ్మ.

పాయలకూరలో కాస్త పుల్లదనం ఉంటుంది కాబట్టి చింతపండు తగ్గించి పప్పులో వేసేది. తుమ్మి చేదు కాబట్టి ఉల్లిపాయ దండిగా వేసి వేయించేది. పొన్నగంటికి వెల్లుల్లి రెబ్బలు నాలుగు చితక్కొట్టి వేస్తే చాలనేది. మేడల మీద వంటవాళ్ళు పన్నెండు రకాలు వండుతున్నా, దవనుడు అమ్మ పక్కన పీట మీద కూర్చుని అదే తినేవాడు. తల్లీకొడుకులకు వేరే సంపదేమీ లేదు. కావాలని వాళ్ళకు అనిపించనూ లేదు.

దవనుడికి పదహారో ఏడు వచ్చింది. ఆ ఏడు రాజుగారి పుట్టినరోజుకు కోటలో పెద్ద విందు జరుగుతుంటే, భుజాన తోలుసంచీ వేసుకున్న ముసలివాడు ఒకడు వచ్చి పంక్తి చివర నిలబడ్డాడు.

"రాజా, ఆకలేస్తోంది. ఇంత పెట్టించు" అన్నాడు.

రాజు ఎగాదిగా చూశాడు. "నా రాజ్యంలో విత్తినవాళ్ళే తింటారు. నువ్వేం విత్తావని వచ్చావు?" అన్నాడు. కొలువులో అందరూ నవ్వారు.

ముసలివాడు నవ్వలేదు. "అలాగా! అయితే ఇవాళ్టి నుంచి నీ రాజ్యంలో విత్తినవాడు కూడా తినడు" అన్నాడు. అని సంచీ మూతి విప్పి ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చాడు. గాదెల్లోంచి, గరిసెల్లోంచి, రైతుల ఇళ్ళలో ఉట్ల మీద కట్టిన విత్తనాల మూటల్లోంచి, సన్నటి పొగలాంటిది బయలుదేరి ఆ సంచీలోకి వెళ్ళిపోయింది. అది విత్తనాల జీవం. "నా పేరు బడబుడు. ఏడు సముద్రాల అవతల ఇనపకొండ మీద ఉంటాను. కావలసినవాడు వచ్చి తీసుకోండి" అని చెప్పి ముసలివాడు మాయమైపోయాడు.

ఆ ఏడు రైతులు వడ్లు చల్లారు. మొలవలేదు. జొన్నలు చల్లారు. మొలవలేదు. కందులు, పెసలు, నువ్వులు, చివరికి ఆవాలు చల్లినా మొలవలేదు. వానలు మాత్రం మామూలుగానే పడ్డాయి. బురద నేల నల్లగా, ఖాళీగా, కనుచూపు మేర అలాగే ఉండిపోయింది.

పెద్దవాడు జయధీరుడు తెల్లగుర్రమెక్కి వెళ్ళాడు. తిరిగి రాలేదు. 

రెండో ఏడు గాదెలు అడుగంటాయి. రణధీరుడు నల్లగుర్రమెక్కి వెళ్ళాడు. అతనూ తిరిగి రాలేదు.

మూడో ఏడు ఊళ్ళో పొయ్యిలు వెలగడం మానేశాయి. ఒక రోజు పొద్దున మరువమ్మ బుట్ట పట్టుకుని తలుపు తీసేసరికి పెరటి గోడ అవతల ఒక అమ్మాయి నిలబడి ఉంది. కుమ్మరి వీధిలో రంగయ్య కూతురు సంపంగి. చంకలో కుండ ఉంది. కుండలో ఏమీ లేదు.

"చిన్నరాణమ్మా, మీ ఇంట్లో పొగ వస్తోంది. ఏం వండుతున్నారు?" అని అడిగింది.

మరువమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఆ రోజు సంపంగి ఒక్కతే తిన్నది. మర్నాడు కుమ్మరి వీధి అంతా తిన్నది. నెల తిరిగేసరికి ఊరు ఊరంతా వరసలో నిలబడింది. రంగయ్య పెద్ద పెద్ద బానలు చేసి పంపించాడు. మరువమ్మ ఊరి ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని పెరడు దాటింది, కోట దాటింది, పొలం గట్లమీద తిరిగింది. "విత్తింది మొలవదు కానీ, విత్తనిది మొలుస్తూనే ఉంది. కళ్ళు నేల మీద పెట్టండి" అనేది. ఒకనాడు వరసలో రాజు కూడా దొప్ప పట్టుకుని నిలబడ్డాడు. తల ఎత్తలేదు. మరువమ్మ అందరికీ పోసినట్టే ఆయనకూ ఒక గరిటె పోసింది.

అయితే పిల్లలూ, తెలిసిన ఆకు ఎంతని ఉంటుంది? ఊరు పెద్దది. చిగుళ్ళు వచ్చే లోపలే గిల్లేవాళ్ళు వచ్చేవారు. అప్పుడు మరువమ్మ తెలియని ఆకుల వైపు చూడటం మొదలుపెట్టింది. మొదట వాసన చూసేది. తర్వాత మణికట్టు మీద రుద్దుకుని దద్దురు వస్తుందేమో చూసేది. పెదవికి తాకించి సాయంత్రం దాకా ఆగేది. చిటికెడు నాలుక మీద వేసుకుని మర్నాటి దాకా ఆగేది. ఆ తర్వాత ఉడికించి, మొదటి నీళ్ళు పారబోసి, పిడికెడు తినేది. మూడో రోజుకు తను లేచి తిరుగుతుంటేనే, ఆ ఆకు ఊరివాళ్ళ బానలో పడేది. 

"నేను తిని చూస్తాను, నాకివ్వు" అనేవాడు దవనుడు.

"వద్దు. ఏ ఆకైనా నా నోరు దాటిన తర్వాతే నువ్వు తినాలి" అనేది.

కొన్ని ఆకులకు ఆమె పెదవులు వాచాయి. కొన్నిటికి రెండు రోజులు మంచం మీద నుంచి లేవలేదు. ఒక ఆకుకు ఎడమ కన్ను మసకబారి అలాగే ఉండిపోయింది. అయినా ఆ ఏడాదిలో పదకొండు కొత్త ఆకులు ఊరి నోటికి అందాయి.

ఒకనాడు దవనుడు గలిజేరు కూర నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కూరలో ఉప్పు రెండింతలు ఉంది. తలెత్తి అమ్మ వైపు చూశాడు. ఆమె అదే కూర మామూలుగా తింటోంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"అమ్మా, కూర ఎలా ఉంది?"

"బాగుంది నాయనా. ఏం, ఉప్పు తగ్గిందా?"

దవనుడికి అప్పుడు తెలిసింది. తెలియని ఆకులన్నీ ముట్టి ముట్టి అమ్మ నాలుక చచ్చిపోయింది. రుచి పోయింది. అతను దొప్ప ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "రేపు నేను ఇనపకొండకు వెళ్తానమ్మా" అన్నాడు.

మరువమ్మ పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది. "వెళ్ళినవాళ్ళెవరూ రాలేదురా" అంది.

"ఎవరూ వెళ్ళకపోతే నువ్వు ఈ ఆకులు తిని చూడటం ఆపవు కదమ్మా."

ఆమె లేచి, ఎండబెట్టిన మునగాకు, చింతచిగురు కలిపి దంచిన పొడి ఒక మూట కట్టింది. ఆమె, సంపంగి ఊరి పొలిమేర దాకా వచ్చి సాగనంపారు. దవనుడికి గుర్రం లేదు, కత్తి లేదు. పొడి మూట పట్టుకుని నడిచాడు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, అమ్మ మంచి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అంత దూరం చూపు ఆనక, అతనున్న వైపు కాక మరో వైపు చూస్తోంది. సంపంగి ఆమె భుజం పట్టుకుని ఇటు తిప్పింది.

దవనుడు నడిచాడు, నడిచాడు. ఎండిన మడుగులో ఒక తాబేలు బురదలో కూరుకుపోయి కనబడింది. పైకి లాగి, చిటికెడు పొడి నీళ్ళలో కలిపి పెట్టి, వీపున వేసుకుని సముద్రం ఒడ్డుకు మోశాడు. "ఏడు సముద్రాలూ నాకు దారే, ఎక్కు" అంది తాబేలు. ఒడ్డున కాలికి ముల్లు దిగిన గోరింక కనబడింది. ముల్లు తీసి చిటికెడు పొడి పెట్టాడు. "నీకేం కావాలి?" అంది గోరింక. "మా అమ్మ ఎలా ఉందో చూసి నాకు చెప్పు" అన్నాడు దవనుడు. అది మేలిపురం వైపు ఎగిరిపోయింది. మూడో సముద్రం నడిమధ్య, కొట్టుకుపోతున్న దుంగ మీద ఒక ఉడుత వణుకుతూ కనబడింది. దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని మిగిలిన పొడి పెట్టాడు. "నేను నీతోనే ఉంటాను" అంది ఉడుత.

ఒక సముద్రం ఉప్పు. ఒకటి పాచి. ఒకటి అంతా సుడిగుండాలు. ఏడూ దాటేసరికి పదిహేను రోజులయింది. ఇనపకొండ మీద నల్లటి కోట, కోట ముందు తోట. ఆ తోట చూస్తే దవనుడికి ఒళ్ళు జలదరించింది. చెట్లన్నీ తాడు పట్టి గీసినట్టు వరసలు. ఆకు కింద రాలి లేదు, పాదుల్లో గడ్డిపోచ లేదు. గుమ్మానికి రెండు వైపులా రెండు రాతి బొమ్మలు. ఒకటి జయధీరుడు. ఒకటి రణధీరుడు.

బడబుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విత్తనాల జీవం ఉన్న సంచీ పక్కనే ఉంది.

"మూడో వాడివా? మీ వాళ్ళకు చెప్పిందే నీకూ చెబుతాను. మూడు రోజులు నాకు వండిపెట్టు. నేనడిగిన కూర వండితే సంచీ నీది. వండలేకపోతే నువ్వూ అక్కడ నిలబడు" అన్నాడు. "ఇవాళ, ఎవరూ విత్తనిది వండు. ఈ తోటలో ప్రతి మొక్కా నేను విత్తిందే. మీ పెద్దన్న బంగారు వంకాయ వండాడు. రాయి అయ్యాడు."

దవనుడు తోటంతా తిరిగాడు. ఒక్క కలుపు మొక్క లేదు. ఉడుత మాత్రం వాసన చూసుకుంటూ వంటింటి వెనక్కి పరుగెత్తింది. అక్కడ కుండలు కడిగిన నీళ్ళు పోయే తూము ఉంది. తూము రాళ్ళ సందులో ఎర్రకాడ, చిన్న ఆకు. పాయలకూర! దవనుడు మోకాళ్ళ మీద కూర్చుని, "ఇక్కడిదాకా ఎలా వచ్చావే తల్లీ" అన్నాడు. చిగురు వరకే గిల్లాడు. పప్పు, చింతపండు ఏవీ వేయకుండా ఉప్పుతోనే ఉడికించాడు. బడబుడు దొప్పెడు తిని, "ఎక్కడ దొరికింది?" అన్నాడు. "మీ తూములో."

రెండో రోజు, "ముట్టుకుంటే దురద పెట్టాలి. తింటే పెట్టకూడదు. అలాంటిది వండు. మీ నడిమన్న పచ్చి కందగడ్డ పెట్టాడు. రాయి అయ్యాడు" అన్నాడు.

దవనుడు నవ్వుకున్నాడు. కోటగోడ మీద బడబుడు నాటి పాకించిన నల్లేరు వచ్చేటప్పుడే చూశాడు. చేతులకు నూనె రాసుకుని లేత కొసలు మాత్రం తుంచాడు. గణుపులు తీసేసి, నార ఒలిచి, నూనెలో బాగా మగ్గేదాకా వేయించాడు. చింతపండు, మిరపకాయలు, నువ్వులు వేసి పచ్చడి రుబ్బాడు. బడబుడు అన్నంలో కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. దురద పెట్టలేదు.

గిన్నె తీసుకోబోతూ బడబుడు పొరపాటున పక్కనున్న వేడి మూకుడు మీద చెయ్యి ఆనించాడు. చుయ్యిమంది. వాడు చెయ్యి తియ్యనూ లేదు, మొహం చిట్లించనూ లేదు. కానీ కోట లోపల ఎక్కడో ఒక చిలుక కెవ్వున అరిచింది.

దవనుడూ, ఉడుతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉడుత కప్పు మీదుగా వెళ్ళి చూసి వచ్చింది. "ఏడు గదుల లోపల ఇనపతలుపు. తలుపు వెనక బంగారు పంజరం. పంజరంలో చిలుక. రెక్క ఎత్తి కాలిన చోట ఊదుకుంటోంది. వాడి ప్రాణం అందులో పెట్టాడు. కానీ ఆ తలుపు వాడి చేతికి తప్ప తెరుచుకోదు" అంది.

మూడో రోజు బడబుడు అన్నాడు: "నన్ను ఏడిపించే కూర వండు. మిరపకాయ ముట్టుకోకు. ఉల్లిపాయ ముట్టుకోకు. నా కంట్లో తడి చూసి నూరేళ్ళయింది."

దవనుడు కోట దాటి, కొండ కిందికి దిగి, బండల మధ్య గలిజేరు ఏరుకుంటున్నాడు. అప్పుడు గోరింక వచ్చి అతని ముందు వాలింది. రెక్కలు కిందికి వేలాడుతున్నాయి.

"చూశావా మా అమ్మను? ఎలా ఉంది?" అన్నాడు దవనుడు ఆత్రంగా.

గోరింక ముక్కుతో బండను గీరింది.

"కన్ను బాగా లేదా? మంచం పట్టిందా? చెప్పవేం?"

"నేను వెళ్ళేసరికి పెరటి గుమ్మం ముందు ఊరంతా కూర్చుని ఉంది దవనా. ఎవరూ ఏడుస్తున్నట్టు లేదు. ఏడవడానికి ఒంట్లో సత్తువ ఉండాలిగా. ఆమెను గోడ వారన పొన్నగంటి పక్కనే పూడ్చిపెట్టారు. నువ్వు నాలుగో సముద్రం మీద ఉన్న రోజు" అంది.

దవనుడి చేతిలోని ఆకు కింద పడింది. మళ్ళీ ఏరుకున్నాడు. మళ్ళీ పడింది. ఉడుత వచ్చి ఒక్కొక్క ఆకూ నోటితో పట్టి బుట్టలో వేసింది. నాలుగో సముద్రం మీద ఉన్న రోజు తను ఏం చేశాడో గుర్తు చేసుకోబోయాడు. గుర్తు రాలేదు. ఎండలో తాబేలు వీపు మీద పడుకుని నిద్రపోయి ఉంటాడు. అంతే.

ఆ కూర అతను ఎలా వండాడో అతనికే తెలియదు. ఆకు ఉడికించాడు, మొదటి నీళ్ళు పారబోశాడు, ఉప్పు వేశాడు. అమ్మ వేసినట్టే మళ్ళీ ఒకసారి ఉప్పు వేశాడు. కన్నీళ్ళు పడుతుంటే మొహం తిప్పుకోలేదు. 

బడబుడు ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు. "ఉప్పెక్కువైంది. ఏడుపు రాలేదు. ఓడిపోయావు" అని మంత్రదండం ఎత్తాడు.

"ఆగు. ఏడుపు ఎలా వస్తుంది నీకు? నిన్న చెయ్యి కాలినా నీకు తెలియలేదు. నొప్పి నీలో లేదు. నొప్పి లేనివాడికి కూర పెట్టి ఏడుపు రాలేదంటే, అది కూర తప్పా? నొప్పి ఎక్కడ దాచావో అక్కడ పెట్టి చూడు. అప్పటికీ ఏడవకపోతే నేనే వెళ్ళి మా అన్నల పక్కన నిలబడతాను" అన్నాడు దవనుడు.

బడబుడు దండం దించాడు. నూరేళ్ళుగా వాడికి ఏదీ రుచి లేదు. తోటలో ఎన్ని బంగారు కాయలు కాసినా మట్టి తిన్నట్టే ఉండేది. ఈ కుర్రవాడి కూరలో ఏదో ఉందని మాత్రం వాడికి అనిపించింది. లేచి లోపలికి వెళ్ళాడు. ఏడు తలుపుల చప్పుడు వినిపించింది. పంజరం తెచ్చి ముందు పెట్టి తలుపు తీశాడు.

చిలుక బయటికి వచ్చింది. కూరలో ముక్కు పెట్టి ఒక్క ఆకు తిన్నది. కాసేపు కదలకుండా నిలబడింది. తర్వాత దాని గుండ్రటి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. 

దవనుడి చెయ్యి చటుక్కున దాని మెడ చుట్టూ పడింది. బడబుడు నేలమీద కూలబడ్డాడు.

"మెలి తిప్పు! వీడివల్లేగా మీ అమ్మ పోయింది!" అని అరిచింది గోరింక.

దవనుడి వేళ్ళ కింద చిలుక గుండె టకటకా కొట్టుకుంటోంది. "ముందు మా అన్నలను లేపు" అన్నాడు. బడబుడు దండం ఊపాడు. రాతి బొమ్మలు రెండూ ఆవులించి ఒళ్ళు విరుచుకున్నాయి. "సంచీ ఇవ్వు." ఇచ్చాడు. "మా అమ్మనివ్వు."

బడబుడు తల అడ్డంగా ఊపాడు. "అది నా చేతిలో లేదు" అన్నాడు.

దవనుడి వేళ్ళు బిగిశాయి. చిలుక అరవలేదు, పెనుగులాడలేదు. దవనుడు చెయ్యి ఎత్తి చిలుకను బడబుడి రొమ్ము మీద పెట్టాడు. "నీ ప్రాణం నువ్వే తీసుకో. నీ ఉసురు తీసి, ఆ బరువు కూడా నేను మొయ్యలేను. నువ్వు చేసింది నువ్వే మొయ్యి" అన్నాడు.

చిలుక ఆ రొమ్ములోకి కరిగిపోయింది. ఆ క్షణంలో మాయలన్నీ పోయి బడబుడు ఒట్టి ముసలివాడైపోయాడు. కాలిన చెయ్యి పట్టుకుని కెవ్వుమన్నాడు. తర్వాత కడుపులో నుంచి తన్నుకొచ్చినట్టు ఏడవడం మొదలుపెట్టాడు. అన్నదమ్ములు ముగ్గురూ కొండ దిగి తాబేలు ఎక్కేదాకా ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది.

మేలిపురం చేరగానే దవనుడు సంచీ మూతి విప్పాడు. సన్నటి పొగ ఊరి మీద పరచుకుని ఇంటింటికీ వెళ్ళింది. ఉట్టి మీది మూటల్లో గింజలు చిటపటమన్నాయి. వారం తిరిగేసరికి మళ్ళన్నీ పచ్చబడ్డాయి. పిల్లలు గట్ల మీద కూర్చుని మొలకలను ఒక్కొక్కదాన్నే వేలితో ముట్టుకుని చూశారు.

దవనుడు మాత్రం గోడ వారన, మట్టి ఇంకా కుదురుకోని చోట కూర్చున్నాడు. సంపంగి వచ్చి కాస్త దూరంలో కూర్చుంది.

"ఎలా జరిగింది?" అని అడిగాడు.

"చెరువు అవతల ఒక ఆకు దొరికింది చిన్నరాజా. చూడటానికి బచ్చలిలాగే నిగనిగలాడుతూ ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. అటువైపు ఏడెనిమిది ఎకరాల మేర అదే. ఊరికి నెల రోజులు సరిపోతుందని అమ్మగారు సంబరపడ్డారు. వాసన చూశారు, పెదవికి తాకించారు. నాలుకకు ఏమీ తెలియలేదు. మామూలుగా అయితే చేదు తెలిసేదేమో. ఉడికించి పిడికెడు తిన్నారు. మూడో రోజు పడిపోయారు."

దవనుడు మట్టిని అరచేత్తో సర్దాడు. "పోయేముందు... నా గురించి ఏమైనా అందా?"

సంపంగికి అబద్ధం చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చెప్పలేదు. "మాట రాలేదు చిన్నరాజా. నాలుక మొద్దుబారిపోయింది. నన్ను దగ్గరికి పిలిచి, ఆ ఆకు నా చేతిలో పెట్టి, చెయ్యి ఇలా అడ్డంగా ఊపారు. వద్దు, వద్దు అని. నాకు అర్థమైందో లేదో అని మళ్ళీ ఊపారు. నేను వీధి వీధికీ వెళ్ళి ఆ ఆకు చూపించి వచ్చాను. తిరిగి వచ్చేసరికి లేరు. ఆ ఆకు ఊళ్ళో ఇంకెవరూ తినలేదు."

దవనుడు అప్పుడు ఏడ్చాడు. సంపంగి లేచి వెళ్ళిపోలేదు, ఊరుకోమనలేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది.

పంట కోతలయ్యాక వీరకంఠుడు కిరీటం తీసి దవనుడి ముందు పెట్టాడు. అన్నలిద్దరూ, "తమ్ముడూ, నువ్వే కూర్చో. మేం నీ పక్కన ఉంటాం" అన్నారు. ముసలి రాజు ఆ రోజు నుంచీ పెరటింట్లో ఉండి, మరువమ్మను పూడ్చిన చోట రోజూ నీళ్ళు చల్లేవాడు.

దవనుడు సంపంగిని పెళ్ళి చేసుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత ఊరు ఊరంతా పంక్తిలో కూర్చుని కొత్తబియ్యం అన్నం తిన్నది ఆ పెళ్ళిలోనే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలామంది నమలడం మరిచిపోయి ఏడ్చారట. ఆ తర్వాత దవనుడు నలభై ఏళ్ళు రాజ్యం చేశాడు. కరువు రాలేదు. ప్రజలు కడుపునిండా తిన్నారు. ఆయనకు ముగ్గురు పిల్లలు పుట్టారు, వాళ్ళకు పిల్లలు పుట్టారు.

ఆ మనవలు రోజూ పొద్దున్నే చుట్టూ చేరి, "తాతా, ఇనపకొండ కథ చెప్పు" అనేవారు. దవనమహారాజు ఎంతో హుషారుగా మొదలుపెట్టేవాడు. తాబేలులా ఈదేవాడు, ఉడుతలా పరుగెత్తేవాడు, నల్లేరు దురదకు చేతులు గోక్కునేవాడు. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. గోరింక వచ్చి వాలే చోటు దగ్గరికి రాగానే ఆగిపోయేవాడు. "గోరింక ఏం చెప్పింది తాతా?" అని వాళ్ళు భుజం పట్టి కుదిపేవారు. ఆయన లేచి, పని ఉందంటూ తోటలోకి వెళ్ళిపోయేవాడు.

నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఆ మాట దాటి చెప్పలేకపోయాడు. ఆయన అలా వెళ్ళిపోయినప్పుడల్లా సంపంగి రాణి పిల్లలను తన దగ్గరికి లాక్కుని, గోరింక నోట తను విన్న మిగతా కథ మెల్లిగా, ఏదీ దాచకుండా చెప్పేది. ఆమె చెప్పినదే వాళ్ళు విన్నారు, వాళ్ళు వాళ్ళ పిల్లలకు చెప్పారు, అలా తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చినదే మా అమ్మమ్మ వింది, ఆమె నాకు చెప్పినదే నేను మీకు చెప్పాను.